జతపరచిన పురుగులు: పది

ఆ రోజుకి హెడ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఆఫీసుకు వెళ్లాలి, అక్క తెచ్చే సీసాను ఫైలుకు జతచేయాలి, పదకొండు గంటల బస్సులో పక్క ఊళ్లోని సస్యరక్షణ కార్యాలయానికి వెళ్లి ఇచ్చేయాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. ఇరవై రెండేళ్ల మున్సిపాలిటీ ఉద్యోగంలో ఆయన కోరుకున్నవన్నీ ఇంత చిన్నవే. ఒక్కటీ జరగలేదన్నది వేరే సంగతి.

సీసాలో వచ్చేవి పురుగులు. ఎక్కడి నుంచో సరుకుల పెట్టెల్లో వచ్చి దిగిన జాతి అది. బూడిదరంగు రెక్కలు, వాటి చాటున ఎర్రటి మచ్చలు, చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. ద్రాక్షతీగను పట్టాయంటే మాత్రం పీల్చి పిప్పి చేసిగానీ వదలవు. ఊరి శివార్లలోని తోటలన్నీ వాటి పాలవుతున్నాయి. మందు కొట్టించడానికి మున్సిపాలిటీకి పైనుంచి నిధులు వస్తాయట. కాకపోతే ఊరి పరిధిలో పురుగు ఉందని రుజువు కావాలి. నిర్ణీత నమూనాలో దరఖాస్తు, దానికి ప్రాణంతో ఉన్న పది పురుగులు. గడువు ఆ సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది.

అక్కకు నాలుగెకరాల ద్రాక్షతోట ఉంది. రెండేళ్లుగా పంట లేదు, ఈ ఏడూ పోతే తోట అమ్ముకోవడమే. ఇప్పటికి నాలుగుసార్లు ఆమె పురుగుల సీసాతో ఈ ఆఫీసు మెట్లెక్కింది. నాలుగుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైందని తమ్ముడే తిప్పి పంపాడు. సొంత అక్క కాబట్టి చూసీచూడనట్టు వదిలేశాడని రేపెవరైనా అంటారేమోనని ఆయన భయం. అనేవాళ్లెవరూ లేరు. ఆ ఆఫీసులో ఎవరికీ అంత ఓపిక లేదు.

పదింటికల్లా ఆమె వచ్చి ఖాళీ కాఫీ సీసా ఒకటి బల్ల మీద పెట్టింది. మూతకు చిల్లులున్నాయి. లోపల పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇదిగోరా, పదీ ఉన్నాయి. టీ వడపోసే జాలీతో ఒక్కోదాన్నీ పట్టా. ఇంక నా వల్ల కాదు, కాళ్లు పీకేస్తున్నాయి."

"కూర్చో అక్కా. ఒక్క నిమిషం, ఇన్‌వర్డ్‌లో నంబరు వేయించుకొచ్చేస్తా."

"పురుగులకి నంబరేంట్రా?"

"బయట్నుంచి ఏదొచ్చినా నంబరు పడాల్సిందే. నీదైనా, ఇంకెవరిదైనా."

వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే ఇన్‌వర్డ్ బల్ల దగ్గర ఒకావిడ రిజిస్టరు తెరిచింది. ఆమెకు పని నేర్పింది ఈయనే. ఆయన చేసుకున్న పాపం అదే.

"జతపరచినవి ఎన్ని సార్?"

"పది పురుగులు."

"పదీ ఉన్నట్టు లెక్కపెట్టి సంతకం పెట్టాలి కదా. చూడకుండా రాయొద్దని మీరే చెప్పారు. ఇవేమో కుదురుగా ఉండట్లేదు. ఏడు దాకా వచ్చేసరికి మొదటిది మళ్లీ ఎదురొస్తోంది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. నిబంధన ప్రకారం ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. "మూత కొంచెమే తియ్యమ్మా" అన్నాడు.

కొంచెం తీయడానికీ పూర్తిగా తీయడానికీ ఉన్న తేడా పురుగులు గమనించలేదు. రెండు క్షణాల్లో సీసా ఖాళీ అయింది. అటెండరు చీపురు పుచ్చుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కొట్టకు! ప్రాణంతో కావాలి!" అని అరుస్తూ హెడ్ గుమాస్తా కుర్చీ ఎక్కాడు, కుర్చీ మీంచి బల్ల ఎక్కాడు. ఇరవై రెండేళ్లలో ఆయన అంత చురుగ్గా కదలడం ఎవరూ చూడలేదు. పన్ను కట్టడానికి వరుసలో నిలబడ్డవాళ్లు నోళ్లు తెరిచారు.

"ఏమైంది?"

"ఏదో కుట్టిందంట."

"ఎవర్ని?"

"ఆయన్నే. చూడండి ఎలా గెంతుతున్నాడో. విషం తలకెక్కినట్టుంది."

ఎవరో పుణ్యాత్ముడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వచ్చిన ఇద్దరూ ఆయన్ని బల్ల మీంచి దింపి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు.

"నన్నేదీ కుట్టలేదయ్యా! నేను బస్సుకెళ్లాలి!"

"అందరూ ముందు అలాగే అంటారు సార్. కదలకండి."

బీపీ చూసి, నాలుక చూసి, కళ్లలో లైటు వేసి చూసి వాళ్లు వదిలేసరికి పదకొండు గంటల బస్సు వెళ్లిపోయింది. ఈ గోలేమిటో చూద్దామని ఛైర్మన్ గారు తన గది తలుపు తీశారు. తీయడమే పొరపాటు. ఒక పురుగు వెళ్లి ఆయన చొక్కా కాలరు మీద వాలింది. ఛైర్మన్ గారి కేక వీధి చివరిదాకా వినబడింది.

మున్సిపాలిటీ రాసిన ఆరు ఉత్తరాలకు ఒక్క జవాబైనా రాయని సస్యరక్షణ ఆఫీసరు, ఛైర్మన్ గారి ఒక్క ఫోనుకు ముప్పావుగంటలో జీపు దిగాడు. లోపలికి వస్తూనే గుమ్మానికి అడ్డంగా పసుపు రిబ్బను కట్టించాడు. పరీక్ష పూర్తయ్యేదాకా గుండుసూది కూడా గడప దాటకూడదన్నాడు.

"సార్, మా దరఖాస్తు అయిదింటిలోగా మీ ఆఫీసుకు చేరాలి. ఈ ఒక్క ఫైలూ..." అన్నాడు హెడ్ గుమాస్తా.

"పురుగున్న చోటు నుంచి కాగితం కూడా కదలకూడదండీ. రూలు."

ఆ మాట అవతలివైపు నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. వెళ్లి బెంచీ మీద అక్క పక్కన కూలబడ్డాడు.

"నీ తోట నేనే ముంచేశానక్కా. పరాయివాళ్లు కూడా ఇంత చెయ్యరు" అన్నాడు. ఆయనకు నిజంగానే దుఃఖం వచ్చింది.

ఆమెకు తిట్టే ఓపిక కూడా లేదు. "ఊరుకోరా, ఇంత వయసొచ్చి. మంచినీళ్లు తాగు" అంది.

రెండు గంటలకు ఆఫీసరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వరండాలో మూడు, పన్నుల గదిలో అయిదు, ఛైర్మన్ గారి గదిలో రెండు దొరికాయట.

"మున్సిపల్ ఆఫీసులోకే వచ్చేసిందంటే పరిస్థితి చెయ్యి దాటినట్టే. నిధులకి పైవాళ్లని ఫోన్లోనే ఒప్పించాను. ఇక్కడి నుంచి చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా ఉన్న తోటలన్నిటికీ రేపట్నుంచే మందు కొట్టిస్తాం."

"మరి దరఖాస్తు?" అన్నాడు హెడ్ గుమాస్తా.

"నేనే కళ్లారా చూశాక ఇంకా దరఖాస్తు ఎందుకండీ?"

అక్క తోట అక్కడికి రెండు కిలోమీటర్లు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"అంటే, మొదటిసారి వచ్చినప్పుడే మూత తీసేసుంటే సరిపోయేదేంట్రా?"

ఆయన ఇంకో గ్లాసు మంచినీళ్లు తాగాడు.

ఆఫీసుకూ మందు కొట్టి, రెండు రోజుల తర్వాత తెరిచారు. రెండేళ్లుగా దోమల మందు కోసం అర్జీలు పెట్టుకుంటున్న కాలనీవాళ్లు అప్పటికే గుమ్మం ముందు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక సీసా ఉంది. లోపల దోమలు గుయ్యిమంటున్నాయి. "నంబరు ఎక్కడ వేయించుకోవాలి సార్?" అని ముందున్న పెద్దాయన వినయంగా అడిగాడు.

హెడ్ గుమాస్తా నిట్టూర్చి, ఛైర్మన్ గారి గది ఎటో చూపించాడు.