సముద్రానికి సంజాయిషీ నోటీసు

ఒక పెద్ద అడవిలో, అంటే సింహాలు గర్జించే అడవి కాదండోయ్, సముద్రాన్ని ఆనుకుని మోకాలి లోతు బురదుండే మడ అడవిలో, నూకాలు అనే బావురుపిల్లి ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి. నీళ్లు వెనక్కి తీసినప్పుడల్లా బురదలో చెయ్యి పెట్టి, గుల్లలూ పీతలూ ఏరుకొచ్చి పిల్లల్ని సాకేది.

అక్కడికి అధికారం వెలగబెట్టడానికి ఒక నక్క వచ్చింది. తీర సంఘానికి అధ్యక్షుడట! వస్తూనే హుకుం: "ఏరుకోవడం పది నుంచి అయిదు దాకానే. వేళ తప్పి దిగితే గంప జప్తు!"

ఆ వారం నీళ్లు తీసేది తెల్లారగట్ల ఒకసారి, మళ్లీ పొద్దుగూకాక. పదింటికి చూస్తే ఒడ్డంతా నీళ్లే. రెండు రోజులు పిల్లలు పస్తు. మూడో రోజు నూకాలు ఆఫీసుకెళ్లింది.

"అయ్యగారూ, పదింటికి నీళ్లుంటాయి బాబూ. ఎలా ఏరేది?"

"ఎందుకుంటాయి?" అంది నక్క.

"సముద్రమండీ అది. రోజుకో ముప్పావుగంట ఆలస్యంగా నీళ్లు తీస్తుంది."

"రోజూ ఆలస్యమా! అడిగే దిక్కు లేకపోతే ఇంతే. గుమస్తా! సంజాయిషీ నోటీసు రాయి."

కొంగ గుమస్తా ఒంటికాలి మీదే నిలబడి రాసి, తీసుకెళ్లి మడచెట్టు వేరుకి అంటించింది. గంటలో కెరటమొచ్చి కాగితం పట్టుకుపోయింది. కొంగ ఫైల్లో రాసుకుంది: "సముద్రం నోటీసు స్వయంగా అందుకున్నది."

నక్క మీసం దువ్వింది. "చూశావుటే నూకాలూ? రేపు పదింటికి గంప తెచ్చుకో."

తెచ్చుకుంది పాపం. నీళ్లు ఎప్పట్లాగే నిండుగా ఉన్నాయి.

"దిగకండి బాబూ, లోతు!"

"ఫైలు ప్రకారం ఇక్కడ నీళ్లు లేవు," అంటూ నక్క అడుగేసింది.

బుడుంగ్!

రెండు బుడగలొచ్చాయి. తర్వాత మూతి తేలింది. "నూకాలమ్మా! తల్లీ!"

"ఇది పనివేళే కదండీ, దిగొచ్చా?" అని అడిగి మరీ దూకింది నూకాలు. తోక పట్టుకుని ఈడ్చి ఒడ్డున పడేసింది. నక్క చెవికి పీతొకటి జుంకాలా వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు గుట్ట మీదికి మారిపోయింది, సముద్రం చప్పుడు కూడా వినపడనంత దూరం. పోతూ పోతూ నూకాలు చేతికో మెమో ఇచ్చారు: "రాతపూర్వక అనుమతి లేకుండా అధ్యక్షుణ్ణి ఏరినందుకు."

పొద్దుగూకాక నీళ్లు తీశాయి. గంప అడుగున చిల్లుంటే నూకాలు మెమో మడిచి పరిచి, నిండా గుల్లలేరుకుంది. పిల్లలు కడుపునిండా తిన్నారు.

నీతి: పై అధికారి మునుగుతుంటే తప్పక కాపాడండి, గంప చిల్లుకి కాగితం దొరుకుతుంది.