ఓయిరిదియ పాడిన జోలపాట

తెల్లదొరలు మన పాటలు ఎత్తుకుపోయారని గుండెలు బాదుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఎత్తుకుపోబట్టే కదండీ అవి భద్రంగా ఉన్నాయి! మన దగ్గరే ఉంటే పాడి పాడి అరగదీసేవాళ్ళం కాదూ?

నైజీరియాలో మా ఇగ్బోవాళ్ళ ఊళ్ళో, వందేళ్ళ కిందటి ఓయిరిదియ సంగతే చూడండి. ఆమె మొగుణ్ణి సర్కారు రోడ్డు పనికి పట్టుకుపోయి అప్పటికి మూడు నెలలైంది. పట్టించింది ఒకెరెకె, తెల్లవాళ్ళు టోపీ పెట్టి మా నెత్తిన కూర్చోబెట్టిన ఊరిపెద్ద.

అలాంటి రోజుల్లో పాటలు పట్టే దొర ఒకడు సంతలో దిగాడు. ఒక పెట్టె, దానికి ఏనుగు చెవంత బాకా, సంచీనిండా పాటను పట్టి దాచే మైనపు గొట్టాలు. పాడేవాళ్ళకు ఉప్పిస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. వెంటనే పోలీసుల్ని పంపి పిలిపించాడు. కళాపోషణ అంటే అదీ!

ఓయిరిదియ మెడపట్టి తల బాకాలోకి వంచారు.

"బిడ్డను నిద్రపుచ్చే పాట పాడాలంటమ్మా," అన్నాడు దుబాసీ మోజెస్.

"ముందు నా మొగుణ్ణి వదలమని చెప్పు."

"ఆయనకు మాటలొద్దంట తల్లీ, పాటలే కావాలంట."

"అలాగా? అయితే పాటే విను."

మెత్తగా జోలరాగం ఎత్తుకుంది. ఒకెరెకె టోపీ కింద ఉన్నది మేక తలకాయట. మేకైనా తన మందను అమ్ముకోదట. నా మొగుణ్ణి తెచ్చియ్యరా మేకా, జోజో!

అర్థమేమిటని దొర అడిగాడు. మోజెస్ తర్జుమా చేశాడు. "తల్లి బిడ్డకు మేకను చూపిస్తోంది దొరా."

దొర కళ్ళు చెమర్చాయి. పెట్టె తిప్పి అందరికీ వినిపించాడు. సంత సంతంతా పొట్ట పట్టుకుని నవ్వింది. 'ఈ జాతివారికి జోలపాట వింటే నిద్రకు బదులు నవ్వు వచ్చును' అని దొర పుస్తకంలో రాసుకున్నాడు. సైన్సు!

ఒకెరెకె పరుగున వచ్చాడు. "దొరా, ఆ గొట్టం పగలగొట్టించండి!"

"ఏం, పాటలో తప్పుందా?"

"అబ్బే... బ్రహ్మాండమైన పాట."

"అయితే ఊరూరా వినిపిద్దాం. నువ్వూ రా, బాకా పక్కనే కూర్చో!"

మూడో ఊరు దాటేసరికి ఒకెరెకె ఓయిరిదియ గుమ్మం ముందు నిలబడ్డాడు, ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని. "ఇదిగో తల్లీ నీ మనిషి. ఆ పాట చెరిపించి ఇంకోటి పాడు."

"చెరిపితే దొరకు కోపమొస్తుందయ్యా," అందామె, మొగుడి చేయి పట్టుకుని లోపలికి నడుస్తూ.

గొట్టం ఓడెక్కింది, ఓయిరిదియ ఎప్పుడో మట్టిలో కలిసింది. మొన్న మా ఊరి ఆడవాళ్ళు ఆ పాట పంపమని సముద్రం అవతలి మ్యూజియానికి ఉత్తరం రాశారు. ఎంత మర్యాదగా జవాబిచ్చారో! పాట క్షేమమట. కాకపోతే పాడినవారి అనుమతి లేకుండా ఇవ్వడం అన్యాయమట. దొర పుస్తకంలో ఆమె పేరు లేదట, 'ఒక స్త్రీ, పళ్ళు గట్టివి' అని మాత్రమే ఉందట. ఆ పళ్ళావిడ చేత సంతకం పెట్టించి పంపితే తప్పక పరిశీలిస్తారట!