మచ్చల విభాగంలో మొదటి బహుమతి

ఆ పట్నంలో పదిహేనేళ్లు నిండిన పిల్లల్ని పిల్లులు పెంచుతాయి, ఏడాదికోసారి పోటీకి తీసుకెళ్తాయి. ఒకప్పుడు పిల్లలే పిల్లుల్ని పెంచి ప్రదర్శనలకు పట్టుకెళ్లేవారు. ట్యూషన్లు ముదిరి వాళ్లకు తీరిక చిక్కలేదు. పిల్లులేమో ఎలాగూ రోజంతా ఇంట్లోనే ఉంటాయి. అందుకని బాధ్యత చేతులు మారింది. ఈ మార్పు ఇంకా ముందే జరగాల్సిందని తల్లిదండ్రులు సంఘం పెట్టి మరీ చెప్పారు.

తన్మయిని పెంచుతున్న గోధుమరంగు పిల్లి పేరు బంగారమ్మ. తన్మయి ఆమెను పెద్దమ్మా అంటుంది. పెద్దమ్మ కచ్చితమైన మనిషి, అంటే కచ్చితమైన పిల్లి. మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. గోళ్లు పెరిగితే ఊరుకోదు. అద్దం ముందు ఎంతసేపున్నా ఏమీ అనదు, ఒంటి శుభ్రం కింద లెక్కేస్తుంది. నాలుగు రోడ్లు తిరిగొచ్చే పని మాత్రం తనది, తన్మయిది కాదు.

తన్మయికి ఒక్కటే కోరిక. సాయంత్రం పూట ఒక్కతే బీచికి వెళ్లాలి. పదిహేడేళ్లొచ్చినా ఆ పిల్ల సముద్రాన్ని ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే చూసింది. ఒంటరిగా ఇసుకలో కూర్చుని, ముంత కింద పప్పు పొట్లం విప్పుకుని, ఎవరితోనూ పంచుకోకుండా తినాలి. దానికోసం ఎంత కష్టమైనా పడేదే. పోటీలో మొదటి బహుమతి కూడా సరిగ్గా అలాంటిదే. గెలిచినవాళ్లు ఎవరినీ అడక్కుండా గుమ్మం దాటి వెళ్లిరావచ్చు. అంతకన్నా గొప్ప బహుమానం పిల్లులకు తోచలేదు.

ముహూర్తాలు లేని ఆదివారం చూసి కల్యాణమండపంలో పోటీ పెట్టారు. వరసగా వేసిన బల్లల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, ఒక్కో దాని మీద ఒక్కో పిల్లనో పిల్లవాణ్నో కూర్చోబెట్టారు. పక్కన వాళ్ల పిల్లి. తల్లిదండ్రులకు కుర్చీలు వెనక వరసలో, భోజనాల హాలు వైపు వేశారు. కొత్తవాళ్లు గడ్డం పట్టుకుని ఎత్తినా బెదరకూడదు. పళ్లు చూపించమంటే చూపించాలి. అభిప్రాయం చెబితే మార్కులు పోతాయి. కిందటేడు ఒక కుర్రాడు జడ్జికి ఎదురు ప్రశ్న వేశాడట. వాడి పిల్లి ఇప్పటికీ పెళ్లిళ్లకూ పేరంటాలకూ మొహం చూపించడం లేదు.

జడ్జి పక్క జిల్లా నుంచి వచ్చిన ముసలి గండుపిల్లి. తన్మయి చెవులు చూశాడు, గోళ్లు చూశాడు, జడ పట్టి లాగి చూశాడు. తన్మయి బెదరకుండా కూర్చుంది. ఆమె కుడి బుగ్గ దగ్గర ఆయన పంజా ఆగింది.

"ఇదేమిటి?"

వెనక వరసలోంచి తన్మయి తల్లి సత్యవేణి లేచి నిలబడింది.

"దిష్టి చుక్కండి. అరికాల్లో పెడదామనుకున్నానండి. ఆటో వచ్చేసింది, చెప్పులు విప్పే టైము లేక బుగ్గన పెట్టేశాను."

మిగిలిన తల్లులు గర్వంగా తమ పిల్లల అరికాళ్ల వైపు చూసుకున్నారు. దిష్టి అంటే ఏమిటో జడ్జికి తెలియదు. పిల్లుల్ని చూసి కుళ్లుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు గానీ, దానికి కాటుకతో మందు వేసుకోవడం ఆ జాతిలో లేదు. నిబంధనల్లో ఉన్నవి రెండే విభాగాలు, ఒకే రంగువాళ్లు, మచ్చలవాళ్లు. తుడిచేస్తానని సత్యవేణి కొంగు తీసింది. పోటీ మధ్యలో రంగు మార్చడం మోసం కిందికి వస్తుందని జడ్జి శాంతంగా చెప్పాడు.

తన్మయిని మచ్చల విభాగానికి మార్చారు. అందులో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. నీలం రిబ్బను మెడలో పడగానే ఆ పిల్లకు ఏడుపొచ్చినంత పనైంది. బల్ల దిగి తిన్నగా వీధిలోకి నడవబోయింది.

"ఎక్కడికి?" అంది బంగారమ్మ.

"బీచికి, పెద్దమ్మా. గెలిచానుగా."

"గెలిచావు కాబట్టే చెబుతున్నా. వచ్చే నెల రాష్ట్రస్థాయి ఉంది. ఎండకు తిరిగితే రంగు తేడా వస్తుంది, ఉప్పుగాలికి జుట్టు పాడవుతుంది. ఈ ఒక్కటీ కానియ్యి. ఆ తర్వాత అంతా నీ ఇష్టమే."

సత్యవేణికి కూడా అదే న్యాయంగా తోచింది. "ఒక్క నెలేగా అమ్మా" అంది.

రాష్ట్రస్థాయిలోనూ మచ్చలవాళ్లు లేరు. దాని తర్వాత దక్షిణాది పోటీ ఉందని తెలిసింది. అదీ అయ్యాక పెద్ద పోటీ ఉందన్నారు. ప్రతిసారీ ఒక్కటే మిగిలింది. తన్మయి కిటికీ గట్టు మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది. మొదట్లో రోడ్డు వైపు చూస్తూ కుళ్లి కుళ్లి ఏడ్చేది. తర్వాత చూడటం మానేసి కునుకు తీయడం నేర్చుకుంది. పెద్దమ్మ అది కూడా మార్కుల కిందే రాసుకుంది.

పోటీలన్నీ అయిపోయిన రోజు రానే వచ్చింది. మాట తప్పడం పిల్లులకు తెలియదు. సాయంత్రం బంగారమ్మ వీధి తలుపు బార్లా తీయించి, "ఇక వెళ్లు. రాత్రికి రాకపోయినా అడగను" అంది.

తన్మయి గుమ్మం దాకా వెళ్లింది. ఆటోలు, దుమ్ము, ఎవరెవరో మనుషులు. ఒక పాదం బయట పెట్టి, మెట్టు వేడిగా తగిలేసరికి వెనక్కి తీసుకుంది.

"తోడు ఎవరొస్తారు పెద్దమ్మా?" అని అడిగింది.

 బంగారమ్మ ఆమె పక్కనుంచి గుమ్మం దాటి తనే బయటికి వెళ్లిపోయింది.

వంటింట్లో ఉన్న సత్యవేణి ఆ మాట వింది. ఆమె గుండె నిండిపోయింది. పిట్టగోడ అవతల బట్టలు తీస్తున్న పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది.

"వెళ్లమన్నా వెళ్లదండీ మా అమ్మాయి. గడప దాటదు."

"ఎంత అదృష్టవంతులండీ" అంది పక్కింటావిడ, మనస్ఫూర్తిగా. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "మా చిన్నదానికి పన్నెండు నడుస్తోందండి. రోజూ సైకిలేసుకుని వీధులన్నీ తిరిగొస్తుంది. మీ బంగారమ్మగారితో ఒక్క మాట చెప్పి, ఇప్పట్నుంచే చేర్చుకోమనకూడదూ?"