చింతపండు భద్రత

"ఇగ పాత నాణెం అమ్ముకునే తెలుగోడు ఒక్కడు సుత ఆన్‌లైన్ వేలంల మోసపోడు!"

మేం బతకడానికి వలస వచ్చిన బమ్రోలి చౌరస్తాలో మా వార్డు పార్టీ కన్వీనర్ లక్ష్మీరాజం సారు ఇలా ప్రకటించారు. మైకు కోసం మాస్కును గడ్డం కిందికి లాక్కున్నారు. లాక్‌డౌన్‌లో సాంచాలు, అదే మా మరమగ్గాలు, ఆగిపోయి అప్పటికి రెండు నెలలు. అక్కడికక్కడే 'వేలం భద్రతా విభాగం' పుట్టింది, దానికి నన్ను సేఫ్టీ ఇన్‌చార్జిగా వేశారు. పదేళ్లు సాంచా నడిపినవాణ్ణి, పదవి అంటే ఏమిటో తెలియదు. నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ మామూలుగా మాట్లాడలేకపోయాను.

నా భార్య వినోద దగ్గర వాళ్ల అవ్వ ఇచ్చిన నిజాం కాలం వెండి నాణెం ఉంది. నల్లగా ఉంటుంది. సారు తన ఫోన్లోనే దాని ఫొటో తీసి వేలంలో పెట్టారు. మూడో రోజుకు ముంబై వ్యాపారి ఒకాయన పద్దెనిమిది వేలకు పాడాడు. మా అమ్మాయి మౌక్తిక ఆన్‌లైన్ క్లాసులను పక్కింటి కిటికీ బయట నిలబడి, వాళ్ల అమ్మాయి హిమశ్రీ ఫోన్లో వింటోంది. సొంత ఫోన్ కొంటే కూర్చుని వింటుంది. మా ఆశ అంతే.

"మాల్ పంపేముందు సేఫ్టీ చూడాలె గదా, రాజనర్సూ," అన్నారు సారు. "నాణెం మీద వైరస్ ఉంటదా, ఉండదా?"

"ఎన్ని చేతులు మారిందో సార్. ఉంటది."

"మరి నీకు పోస్టు ఎందుకిచ్చిన?"

పండుగ ముందు దీపం కుందులు తోమినట్టు చింతపండు, బూడిద కలిపి తోమాను. పైన శానిటైజర్ కొట్టాను.

"జర మెల్లగ తోమయ్యా, అవ్వది," అంది వినోద.

"సేఫ్టీ సంగతుల నువ్వు మాట్లాడకు!"

ఆ ఊపులో వేలానికి వచ్చిన కాలనీవాళ్ల నాణేలు పదకొండూ తోమేశాను. చింతపండు అయిపోవడంతో సారుది ఒక్కటే మిగిలిపోయింది.

కొత్త ఫొటోలు వెళ్లిన గంటకే వ్యాపారి ఫోన్. సారు స్పీకర్ పెట్టారు.

"అరే భాయ్, సాఫ్ క్యోం కియా?"

ఆ నలుపుకే ధరట. తోమిన నాణెం ఎవరూ ముట్టరట. ఆయన పాట వెనక్కి తీసుకున్నాడు. సారు నాణెం మాత్రం ఇరవై రెండు వేలకు పోయింది. ఆయన ముందుచూపుకు మేమంతా చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

"ఫికర్ చెయ్యకు. వెండి తూకానికి నేనే తీసుకుంట," అని సారు ఐదు వందలు చేతిలో పెట్టారు. బియ్యానికి సరిపోయాయి.

నెల తిరిగాక సాంచాల షెడ్డు ముందు సన్మాన సభ. కుర్చీలు దూరం దూరంగా వేశారు. 'ఉత్తమ భద్రతాధికారి' అని నా పేరు పిలిచారు. గర్వంగా వేదిక ఎక్కాను. సారు ఎర్ర రిబ్బన్ నా మెడలో వేశారు. దాని చివర, కొండి అతికించిన మా నిజాం నాణెం తళతళలాడుతోంది. ఆ మెరుపు నా చేతిదే.

"ఈ మెడల్‌కు వెల కట్టలేం!" అన్నారు సారు మైకులో.

కింద వినోద తల వంచుకుంది. నేను నిటారుగా నిలబడి, నవ్వు మొహం పెట్టాను.

"మౌక్తికా, ఒక ఫొటో తియ్యి బిడ్డా!"

"దేంతోని తియ్యాలె, పప్పా?"