కిటికీ సీటు మీద చున్నీ

"కోలారు గనులు మూసేసినారేమో గానీ, ఈ బుర్రను ఇంగా ఎవరూ మూయలేదు నేత్రావతమ్మా. నేరం ఎంత లోతున ఉన్నా తవ్వి తీస్తాను," అని ప్రకటించాడు సుధీంద్ర. గుమాస్తాగిరీ నుంచి రిటైరైన నాటి నుంచి ఆయన డిటెక్టివు. ఇంతవరకూ ఒక్క నేరస్థుడూ దొరకలేదు. అది వాళ్ల అదృష్టమని ఆయన నమ్మకం.

పాల సొసైటీ కార్యదర్శి నేత్రావతికి నవ్వే ఓపిక లేదు. పాల లెక్కలు రాసే ప్రోగ్రాము ఓపెన్ సోర్సుది, ఉచితంగా వచ్చింది. తరచూ మొరాయిస్తుంది. తయారుచేసినవాళ్ల ఇంటర్నెట్ గుంపులో మొరపెట్టుకుంటే, పేరు చెప్పని ఎవరో కాసేపట్లో సరిచేస్తారు. ఇప్పుడు బెంగళూరు కంపెనీ ఒకటి, ఏడాదికింతని కడితే సపోర్టు మేమిస్తామంటోంది. కట్టాలా వద్దా? రేపు సాయంత్రం మీటింగులో ఆమే చెప్పాలి. తప్పు చెప్పిందా, రైతులు ప్రైవేటు డెయిరీకి పోతారు, సొసైటీకి తాళం పడుతుంది. ఆ భయంతో ఆమెకు అన్నం సయించడం లేదు.

"ఊరికే ప్రోగ్రాము, ఊరికే రిపేరు! ఇది ధర్మం కాదమ్మా, కుట్ర. ఆ కంపెనీవాడే చెడగొట్టి వాడే బాగుచేస్తా ఉండాడు. వాని గుట్టు రట్టు చేసొస్తా."

మర్నాడు పొద్దున్నే మారికుప్పంలో బెంగళూరు రైలెక్కాడు. కిటికీ పక్క సీటు మీద ఎవరో చున్నీ వేసి పోయారు. "అనుమానాస్పద వస్త్రం" అనుకుని, దాన్ని మడిచి సాక్ష్యంగా సంచిలో పెట్టుకుని, అక్కడే కూర్చున్నాడు.

ల్యాప్‌టాప్ సంచితో ఒక అమ్మాయి వచ్చింది. "సార్, ఈడ నా చున్నీ ఉండె."

"దర్యాప్తులో ఉండాది."

వాదించే ఓపిక లేక ఆ అమ్మాయి నిలబడింది. రైలు కదిలిన కాసేపటికి నేత్రావతి ఫోను. "సార్, ప్రోగ్రాము నిలిచిపోయింది. క్యాన్లు రోడ్డుదాకా వరసగా ఉండాయి. ఈ పొద్దు జవాబే రాలే! మన ప్రెసిడెంటు తిమ్మరాయప్ప ప్రైవేటువాళ్ల వ్యాను ఆపి మాట్లాడతా ఉండాడు!"

"పాల ప్రోగ్రాము నిలిస్తే నిలవనీ, భయపడొద్దమ్మా. నేను వేటకు దిగినానని తెలిసి దొంగ నోరు మూసుకున్నాడు!" అన్నాడు సుధీంద్ర, పెట్టె అంతా వినేలా.

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "పాల సొసైటీదేనా సార్? లేయండి."

"ఎందుకు?"

"ల్యాప్‌టాప్ యాడ పెట్టుకునేది? మీ ప్రోగ్రామును నేను సరిచేసేదే ఆ సీట్లో."

ఆమె పేరు మధుర. మారికుప్పం పక్కనున్న కోరమండల్ పిల్ల, సీటు కోసం రోజూ ఇక్కడికొచ్చి ఈ రైల్లోనే ఉద్యోగానికి పోతుంది. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లలో ఒకతె.

"మరి పేరెందుకు దాచినావు?"

"చెప్తే కంప్యూటరు ఎత్తుకోని మా ఇంటికే వస్తారు సార్."

సుధీంద్ర లేచాడు. బంగారపేట స్టేషను వచ్చేలోపు సొసైటీలో క్యాన్లు కదిలాయి.

"నేరస్థురాలి సీటు స్వాధీనం చేసుకుని నిజం కక్కించినాను," అని నేత్రావతికి ఫోన్లో చెప్పాడు.

సాయంత్రం మీటింగులో నేత్రావతి లేచి నిలబడింది. "ప్రోగ్రాము ఊరికే వచ్చింది గానీ, ఆ పిల్ల కష్టం ఊరికే రాలేదప్పా. ఆమెకు సీటు దొరక్కపోతే మన పాలు విరిగిపోతాయి. సపోర్టుకు డబ్బు కడదాం, ఆమెకే కడదాం." పిల్లికి బిచ్చం పెట్టని తిమ్మరాయప్ప కూడా తలూపాడు. నేత్రావతికి ప్రాణం లేచొచ్చింది.

మధుర ఫోన్లో ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. ఆ డిటెక్టివు సారు మళ్లీ ఆ రైలు ఎక్కకూడదు.

"నేరలోకం నన్ను చూసి వణుకుతుందని చెప్పలేదా!" అని మురిసిపోతూ సుధీంద్ర సంచిలోంచి చున్నీ తీసి ముఖం తుడుచుకున్నాడు.