మూడో పార్టీ వాంగ్మూలం

కాకినాడలో పెళ్ళికి ముందు ఒప్పందం రాసుకునే జంట, ఇంకా పుట్టని తమ బిడ్డను కూడా రిజిస్ట్రారు ఆఫీసుకు వెంటబెట్టుకు రావాలి. ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, బిడ్డ. వీటిలో ఏది లేకపోయినా కాగితాలు తీసుకోరు.

వెనక ఈ నిబంధన లేదు. నగలెవరివి, ఫ్లాటెవరిది, కుక్క ఎవరి దగ్గరుండాలి అని రాసుకున్నంతకాలం పేచీ రాలేదు. జనం అక్కడితో ఆగితేనా! విడిపోతే పిల్లలెవరి దగ్గర పెరగాలో, చదువులెవరు చెప్పించాలో కూడా రాసేసుకోవడం మొదలెట్టారు. కోర్టులు ఆ పేరాలన్నీ కొట్టేశాయి. బిడ్డ సంగతి బిడ్డ లేకుండా మీరెలా తేలుస్తారని చీవాట్లు పెట్టాయి. ప్రభుత్వానికి ఆ మాట సబబుగా తోచి, అయితే బిడ్డనే పిలిపిద్దామంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వినవాళ్ళే ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని క్యూలో నిలబడుతున్నారు.

నీలవేణి, ఫణీంద్ర ఇంటి పెద్దలతో మెట్లెక్కుతుంటే వెనక చిన్న అడుగుల చప్పుడైంది. అందరి పిల్లలూ అలాగే వస్తారు. ఆరేళ్ళ ఆడపిల్ల. చెవులు ఫణీంద్రవి, గడ్డం నీలవేణిది. చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. చిక్కంతా అదే. విడిపోతే పిల్ల నాకంటే నాకని ఇద్దరూ రెండో పేజీలో చెరో పేరా రాసి తెచ్చారు.

పిల్లకింకా పేరు లేదు గనక రికార్డుల్లో ఆమె మూడో పార్టీ. అధికారి సత్తిరాజు గారు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి పద్ధతి వివరించారు. ఒప్పందం కుదిరితే పెళ్ళవుతుంది, పెళ్ళయితే ఆమె పుడుతుంది. చెడితే వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. ఎక్కడికన్నది ఈ ఆఫీసు పరిధిలోకి రాదు.

"మీరిద్దరూ విడిపోతారా?" అని అడిగింది పిల్ల.

"అది వాళ్ళ గొడవమ్మా. నీకు సంబంధించింది రెండో పేజీ ఒక్కటే," అన్నారు సత్తిరాజు గారు.

తర్వాత అసలు ప్రశ్న వేశారు. దీనికోసం ప్రభుత్వం పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. మన ఇళ్ళల్లో చిన్నపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చుట్టాలంతా అడిగేదే తీసుకుంది.

"నీకు అమ్మంటే ఎక్కువ ఇష్టమా, నాన్నంటే ఎక్కువ ఇష్టమా?"

"అమ్మ," అంది పిల్ల. నీలవేణి అప్పుడే చున్నీతో దాని ముక్కు తుడిచింది మరి.

ఫణీంద్ర మొహం మాడిపోయింది. పుట్టకముందే పిల్లని వాళ్ళ వైపు తిప్పేసుకున్నారు, పుట్టాక మా వాడి గతేమిటని అతని తల్లి భ్రమరాంబ గారు చేతిసంచీ సర్దుకున్నారు. పిల్ల కాలివేళ్ళలోంచి కింద గచ్చు కనబడటం మొదలైంది. ఈ దశలో పిల్లలు గాలికి కదులుతారు కాబట్టి అటెండరు వచ్చి ఫ్యాను ఆపాడు.

పిల్ల తన పాదాలు చూసుకుంది.

"కాదు, నాన్న," అంది.

ఈసారి నీలవేణి మేనమామ సూరిబాబు లేచాడు. ఇంకా నయం, ముందే తెలిసింది, పదమ్మా అన్నాడు. నీలవేణి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. పిల్ల నడుం దాకా పలచబడింది. గౌనులోంచి బల్ల చెక్కలు కనబడుతున్నాయి. పాపం, హడలిపోయింది. హడలదూ! దానికి పుట్టాలని ఉంది.

తల్లి మొహం చూసింది. తండ్రి మొహం చూసింది.

"ఇద్దరూ ఇష్టమే. సమానంగా."

అందరూ గొల్లుమని నవ్వారు. సూరిబాబు కూర్చున్నాడు. గడుగ్గాయి, ఎంత తెలివో చూశారా అని భ్రమరాంబ గారు బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకున్నారు. ముందు నడుం వచ్చింది, తర్వాత మోకాళ్ళు, చివరికి కాలిగోళ్ళు. మిగతా ప్రశ్నలు చకచకా అయిపోయాయి. సెలవులకెక్కడ, బడి ఎక్కడ, పడుకునేదెక్కడ అంటే అన్నిటికీ పిల్ల మీ ఇష్టం అంది. చివర్న సత్తిరాజు గారు సీలు వేస్తూ, ఇది మైనరు వాంగ్మూలం కనక చెల్లదని, రేపు ఏదైనా అయితే ఆనాటి పరిస్థితి చూసి కోర్టే తేలుస్తుందని చెప్పారు.

"మరి ఇంతసేపూ దాన్ని ఎందుకడిగారండీ?" అంది నీలవేణి.

"పిల్లకి అలవాటవ్వాలి కదమ్మా."

మాఘమాసంలో పెళ్ళయింది. పిల్ల అవే చెవులతో, అదే గడ్డంతో పుట్టింది. ఇప్పుడు దానికి ఆరేళ్ళు. ఇంట్లో అప్పుడప్పుడూ తలుపులు ధడాలున పడటం తప్ప నీలవేణి, ఫణీంద్ర కలిసే ఉంటున్నారు. ఇడ్లీ కావాలా అట్టు కావాలా అని అడిగినా పిల్ల ముందు అమ్మ మొహం, ఆ పైన నాన్న మొహం చూసి, అప్పుడు చెబుతుంది. చూసినవాళ్ళు ముచ్చటపడి, ఇంత బుద్ధిగా ఎలా పెంచారండీ అని అడుగుతుంటారు.

"మేమేం నేర్పలేదండీ," అంటాడు ఫణీంద్ర గర్వంగా. "పుట్టుకతోనే వచ్చింది."