ఏమండీ, మాత్ర!

మందుల వేళ గుర్తుచేసే తన యాప్‌లో, వాడేవాళ్లు అడిగినవాటిలో ఒక్కటంటే ఒక్కటి ఈ వేళ చేర్చి తీరాలని పొద్దున్నే అల్లుడు తీర్మానించుకున్నాడు. ఒకాయన అక్షరాలు పెద్దవి చేయమన్నాడు. ఒకావిడకు గులాబీ రంగు కావాలిట. ఎక్కువమంది మాత్రం గంట మోత చెవికెక్కడం లేదని, మనిషి గొంతుతో చెప్పించమని మొరపెట్టుకున్నారు.

"అదే చెయ్యి. ఆ గంటని నాన్న నిద్రలోనే నొక్కేస్తున్నారు," అంది భార్య. మామగారికి రక్తపోటు. మాత్ర వేసుకోవాలంటే మహా బద్ధకం.

"మరి గొంతెవరిది?"

"నాది లేదూ?" అన్నారు అత్తగారు కూర తరుగుతూనే.

ఫ్యాన్ చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని ఆవిడ రెండు రకాలుగా చెప్పారు. అందరి కోసం, "దయచేసి మందు తీసుకోగలరు." మామగారి కోసం ప్రత్యేకంగా, "ఏమండీ, మాత్ర వేసుకున్నారా? వేసుకోలేదని నాకు తెలుసు. లేవండి ముందు!"

హడావిడిలో అల్లుడు ఒకదాని బదులు ఒకటి పెట్టేశాడు.

మామగారి ఫోన్ "దయచేసి" అనగానే ఆయన కంగారుగా వంటింట్లోకి వచ్చి భార్య నుదురు తాకి చూశారు. "ఒంట్లో బాగానే ఉందా నీకు?"

అదే సమయానికి, రోగి నోట్లో పరికరం పెట్టిన ఒక పళ్ల డాక్టరు జేబులోంచి "ఏమండీ!" అని వినిపించింది. పక్కనే అద్దం పట్టుకుని నిలబడ్డది ఆయన భార్య. క్షణాల్లో అల్లుడికి ఫోన్ వచ్చింది.

"మా ఆయన్ని ఏమండీ అనడానికి ఎవరావిడ?"

 సర్దిచెబుదామని అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "అమ్మా, నేను చెప్తాను..."

"అదే గొంతు! పైగా నాకే చెప్తావా?"

"నాకెందుకమ్మా మీ ఆయన? ఉన్నాయనే నా మాట వినడు!"

ఆ మాటతో గొడవ చల్లారకపోగా రాజుకుంది. ఇంకోచోట ఒక బ్రహ్మచారి ఇంట్లో తల్లి, కోడల్ని ఎక్కడ దాచావని కొడుకుని నిలదీసిందట. యాప్ పరువు గంగలో కలుస్తోందని అల్లుడు గొంతు మొత్తం తీసేసి, అందరికీ క్షమాపణ రాశాడు.

మర్నాడు తెల్లారేసరికి సందేశాల వరద. "ఆవిడేరీ?" "ఆవిడ కసిరితే తప్ప మాత్ర దిగడం లేదు." పళ్ల డాక్టరు భార్య మళ్లీ ఫోన్ చేసింది.

"నేను చెవినిల్లు కట్టుకుని చెప్పినా వినని మనిషి, నిన్న ఆవిడ గొంతుకి ఠక్కున మింగాడండీ. ఆవిణ్ణి మళ్లీ పెట్టండి. ఆ ఏమండీ ఒక్కటీ తీసెయ్యండి, చాలు."

అత్తగారు మళ్లీ ముసుగేసుకున్నారు. ఏమండీ లేని కసురు అందరికీ చేరింది. ఇల్లు కుదుటపడింది, ఒక్క మామగారి మొహం తప్ప.

"బాబూ, అందరూ అడిగింది చేశావు. నాదొక్కటి విను," అన్నారాయన గొంతు తగ్గించి. "ఊళ్లో వాళ్లందరినీ ఏమండీ అని, కట్టుకున్నవాణ్ణి దయచేసి అంది. ఇప్పుడేమో అసలు ఏమండీయే లేదు. నా కోసం చెప్పిన ఆ పాతది నా ఫోన్‌లో పెట్టు."

"ముందు మాత్ర వేసుకోమను, తర్వాత చూద్దాం," అని వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

ఇన్ని కోరికల్లోనూ షరతు మీద ఆమోదం పొందింది అదొక్కటే.